ఎనిమిదో మనిషి

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని మేస్త్రమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. ఎదుట మిగిలిన రెండు కొసలూ పట్టుకున్న తోటి పనిమనిషి కూడా అంతే వేసింది. గుడ్డ బిగిసి టప్‌మని మోగింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి కొసలు కలిపారు. పైఅంచు మేస్త్రమ్మ చేతికి వచ్చింది, కింద వేలాడే మడతను రెండో మనిషి వంగి అందుకుంది, మళ్లీ వెనక్కి నడిచారు. మాట లేదు, చూపు కూడా అక్కర్లేదు. నాలుగో నడకకి దుప్పటి పలకంత అయి బల్లమీది దొంతరలో చేరింది.

ఆస్పత్రి వెనక, వంటశాలకీ బాయిలరు గదికీ మధ్య ఉన్న పొడవాటి రేకుల షెడ్డు అది. బయట ఎండ ఎంత కాస్తోందో లోపలివాళ్లకి తెలియదు. మధ్యాహ్నం పన్నెండింటికి గుమ్మం దాటి ఎండలోకి వస్తే ఒంటికి చల్లగా తగులుతుంది. ఒక గోడ పొడుగునా ఉతుకుడు యంత్రాలు, ఇంకో గోడకి ఆవిరి ఇస్త్రీ బల్లలు. పైనుంచి నీటిచుక్కలు రాలుతుంటాయి. మాట్లాడాలంటే అరవాలి కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు చాలామటుకు మాట్లాడుకోరు.

మేస్త్రమ్మకి యాభై ఎనిమిదేళ్లు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. జనంలో కలిస్తే మళ్లీ వెతికి పట్టుకోవడం కష్టమనిపించే మనిషి. ముంజేతుల మీద ఇస్త్రీ బల్ల అంచు తగిలి కాలిన గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా, గీతల కాగితంలా ఉంటాయి. జుట్టు బిగించి ముడివేసి పైన గుడ్డ కట్టుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా కుడికాలితో ఇస్త్రీ బల్ల పెడలు తొక్కుతూ ఉంది. మొదటి ఇరవై ఏళ్లూ ఆ కాలు ఏమీ అనలేదు. తరువాత వానాకాలంలో అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు కాలంతో పనిలేకుండా అంటోంది.

కిందటి వారం ఎముకల డాక్టరు మోకాలిని అటూ ఇటూ వంచి చూశాడు. ఆయన వేసుకున్న తెల్లకోటు తను ఇస్త్రీ చేసిందే. లోపల మెత్తటి భాగం అరిగిపోయిందనీ, ఎముక ఎముకని రాస్తోందనీ, నడక ఫరవాలేదు కానీ ఎగరడం, గెంతడం ఇక పనికిరాదనీ చెప్పాడు. ఈ వయసులో మీరెందుకు గెంతుతారులెండి అని తనే నవ్వాడు. ఆమె కూడా నవ్వి చీటీ తీసుకుని వచ్చేసింది.

ఆ చీటీ సంగతి ఇవాళ సాయంత్రం చెప్పాలని నిశ్చయించుకుంది. ఇవాళ గురువారం. గురువారం సాయంత్రం ఐదున్నరకి ఆమె స్కాట్లాండ్ జానపద నాట్యం నేర్పుతుంది.

లాండ్రీ మేస్త్రమ్మకీ స్కాట్లాండ్ నాట్యానికీ పొత్తు ఎలా కుదిరిందని వినేవాళ్లంతా ముక్కుమీద వేలేసుకుంటారు. అందులో పెద్ద విశేషమేమీ లేదు. ఒక మనిషి తక్కువయ్యారు, అంతే. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆస్పత్రికి మేట్రనుగా, అంటే నర్సులందరికీ పెద్దగా, స్కాట్లాండ్ ఆవిడ ఒకామె ఉండేది. ఎర్రటి ముఖం, పెద్ద పాదాలు. నర్సులకి వ్యాయామంగా ఉంటుందని వారానికోసారి డాబామీద తమ దేశపు నాట్యం నేర్పేది. నలుగురొక వరస, ఎదురుగా నలుగురొక వరస. ఎనిమిదిమంది ఉంటేనే ఆట పూర్తిగా నడుస్తుంది. ఒకరోజు ఒక నర్సుకి జ్వరమొచ్చి ఏడుగురయ్యారు. డాబామీద తువ్వాళ్లు ఆరేస్తున్న పిల్లని మేట్రను వేలు చూపి పిలిచింది. ఆ పిల్ల చేతిలో తువ్వాళ్లు అక్కడే పెట్టి వెళ్లి వరసలో నిలబడింది. దుప్పట్లు మడిచే మనిషికి ఎదుటి మనిషితో కలిసి ముందుకీ వెనక్కీ నడవడం ఎవరూ నేర్పనక్కర్లేదని మేట్రను అరగంటలో కనిపెట్టింది. జ్వరం తగ్గి నర్సు తిరిగి వచ్చాక కూడా పిల్లని పంపించలేదు.

పద్నాలుగేళ్ల తరువాత మేట్రను ముసలిదై స్వదేశం వెళ్లిపోతూ, చదువుకున్న నర్సులు ఇంతమంది ఉండగా, క్యాసెట్ల పెట్టెని లాండ్రీమనిషి చేతిలో పెట్టింది. కారణం అడిగితే, ఆలస్యంగా రానిది నువ్వొక్కదానివే అంది. అది జరిగి ఇరవై రెండేళ్లు.

మధ్యాహ్నం భోజనాల వేళ మేస్త్రమ్మ బోర్లించిన బుట్టమీద కూర్చుని, లాండ్రీ చీటీ వెనకవైపు ఇవాళ్టి నాట్యాలు గీసుకుంది. మగవరసకి చదరాలు, ఆడవరసకి సున్నాలు, నడకలకి బాణాలు. మొదట కాలు వెచ్చబడడానికి మామూలు నడకలది ఒకటి, తరువాత రీలు అనే వేగమైన ఆట, తరువాత గెంతుతూ ఆడే జిగ్గు, చివర మెల్లది. ఈ చివరిదానికి మేట్రను చెప్పిన పేరు స్ట్రాత్‌స్పే. క్లాసులో ఎవరి నోరూ దానికి తిరగక అంతా 'మెల్లపాట' అనేశారు, మేట్రను ఉన్న రోజుల్లోనే. గీయడం అయ్యాక, చెప్పవలసిన మాటని కూడా ఒకసారి మనసులో చెప్పి చూసుకుంది. 'ఈ నెలాఖరుతో మానేద్దాం.' చిన్న మాటే. ఇంకో రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ 'నెలాఖరుతో' దగ్గరే వదిలేసింది.

మూడున్నరకి పని దిగి, పనికిరావని తీసేసిన పాత దుప్పట్లలోంచి ఐదు చంకన పెట్టుకుని ఇల్లు చేరేసరికి కూతురు వచ్చి ఉంది. రెండు వీధుల అవతల కాపురం ఆ పిల్లది. తల్లి మోకాలికి నూనె రాయడానికి గురువారాలు తప్పకుండా వస్తుంది, రాస్తూ సాధించడానికి కూడా. ఇవాళా మొదలుపెట్టింది. డాక్టరంతటివాడు చెప్పినా చెవిన పెట్టకపోతే ఎలా అంది. మంచాన పడితే చేయవలసింది తనేనని గుర్తుచేసింది. మేస్త్రమ్మ ఊఁ కొడుతూ కాలు చాపుకుని కూర్చుంది. ఈ వాదన ఇవాళ్టితో తీరిపోతుందని చెబితే పిల్ల సంతోషించేదే. ఎందుకో చెప్పలేదు.

గోడమీద భర్త ఫొటో. ఆస్పత్రి వంటశాలలో పెద్ద వంటవాడు. పోయి పదకొండేళ్లయింది. వంటవాడై ఉండీ ఇంట్లో పొయ్యి ముట్టుకునేవాడు కాదు, భార్య గురువారాలు ఎక్కడికి వెళ్తోందో అడిగేవాడూ కాదు. ఒక్కసారి మాత్రం క్లాసు కిటికీ బయట నిలబడి పాట మొత్తం చూశాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "బాగానే ఉంది. కానీ మీరెవరూ నవ్వరేంటి?" అన్నాడు. అప్పటినుంచీ ఆమె ప్రతి పాటకీ ముందు "నవ్వండమ్మా, నవ్వండి బాబూ" అనడం మొదలుపెట్టింది. తను నవ్వుతోందో లేదో చూసి చెప్పేవాళ్లు లేరు.

ఫైరు స్టేషను వెనక వ్యాయామశాలే క్లాసు జరిగే చోటు. ఎత్తైన కప్పు, నున్నటి సిమెంటు నేల, పడమటివైపు నాలుగు పెద్ద కిటికీలు. ఒక మూల తాళ్ల నిచ్చెనలు, ఇంకో మూల ఆరబెట్టిన గొట్టాలు చుట్టలు చుట్టి. పగలంతా తాగిన ఎండని ఆ నేల సాయంత్రం కక్కుతుంది. పల్చటి తోలు అడుగున్న నాట్యం బూట్లతో నిలబడితే పాదాలకి సెగ తెలుస్తుంది. అందుకని ఆమె ఐదింటికే వచ్చి నాలుగు బకెట్ల నీళ్లతో నేల తుడుస్తుంది. నాలుగు దుప్పట్లు తడిపి పడమటి కిటికీలకి వేలాడదీస్తుంది. గాలి వాటిలోంచి వచ్చేటప్పుడు కాసేపు చల్లబడుతుంది. ఐదో దుప్పటి టేపురికార్డరు పెట్టే బల్లమీద నేలదాకా పరుస్తుంది, ఎందుకంటే ఆ బల్ల కాళ్లు చూడ్డానికి బాగుండవు.

చల్లటి దేశపు ఆటని ఈ ఎండలో ఆడటానికి ఆమె తన పద్ధతులు తను చేసుకుంది. మేట్రను ఒకసారి తమ దేశపు గళ్ల ఉన్ని లంగా కట్టుకుని వచ్చి మూడో పాటకి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ తరువాత అందరికీ నూలు బట్టలే. వేగమైన పాట తరువాత అయిదు నిమిషాలు విరామం. చెమటకి చేతులు జారిపోతాయి కాబట్టి గిరగిరా తిరిగేటప్పుడు అరచేయి కాదు, మణికట్టు పట్టుకోవాలి. ఒక్కొక్కరి భుజానా ఒక తువ్వాలు. గుమ్మం పక్కన ఉప్పూ పంచదారా నిమ్మరసమూ కలిపిన నీళ్ల బిందె.

ఐదూ ఇరవైకి బయట ఆటో ఆగింది. కోడలి చెయ్యి పట్టుకుని కంపౌండరు దిగాడు. ఆస్పత్రి మందుల గదిలో ముప్పైఏళ్లు మందులు కలిపి ఉద్యోగం విరమించిన మనిషి. డెబ్బై ఒకటి నిండాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కాళ్లకి పాత తోలుచెప్పులు, చంకలో గుడ్డసంచి. కోడలు ఆయన్ని టేపురికార్డరు బల్ల వెనక కుర్చీలో కూర్చోబెట్టి, సంచీ పక్కన పెట్టి, మేస్త్రమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా, ఆయన్ని లేవనివ్వొద్దని మళ్లీ చెప్పింది. ఏడింటికి వచ్చి తీసుకెళ్తానంది. ఏడాది కిందట ఆయన గుండె ఒకసారి ఆగినంత పనిచేసింది. అప్పటినుంచీ ఆట మానిపించారు, పాటలు పెట్టే పని మాత్రం మిగిల్చారు.

పంతొమ్మిదేళ్ల కిందట ఆయన లాండ్రీకి ఫిర్యాదు చేయడానికి వచ్చాడు. ఊదారంగు మందు మరక కోటుమీద అలాగే ఉండిపోయిందని. మరక పోదని మేస్త్రమ్మ, ఎందుకు పోదని ఆయన. ఆ మందు కలిపింది మీరే కదా, పోయే మందు కలపాల్సింది అని ఆమె. ఆయన నవ్వేశాడు. మాటల్లో గురువారం సంగతి వచ్చింది. వచ్చే గురువారానికి ఆయన వ్యాయామశాల గుమ్మంలో ఉన్నాడు, ఊదామరక కోటుతోనే.

అంత కష్టపడి నేర్చుకున్నవాళ్లు ఆ క్లాసులో ఇంకెవరూ లేరు. కంపౌండర్లు మాత్రలు పళ్లెంలో పోసి, చాకు అంచుతో అయిదేసి చొప్పున జరుపుతూ లెక్కపెడతారు. ఏళ్ల తరబడి అలా లెక్కపెట్టిన మనిషికి ఎనిమిది తలకెక్కలేదు. అయిదో అడుగుకి ఆగిపోయేవాడు, వెనకవాళ్లు వచ్చి గుద్దుకునేవాళ్లు. నాలుగేళ్లకి ఎనిమిది వచ్చింది. అప్పుడు కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. పాట అయ్యాక తప్పులు చెప్పడానికి మేస్త్రమ్మ ముందు ఆయన దగ్గరికే వెళ్లేది. ఆయన చేతులు కట్టుకుని వినేవాడు. భార్య పోయిన వారం కూడా వచ్చాడు, వచ్చి గోడవారగా కూర్చుని వెళ్లాడు. ఆ వారం ఆమె ఏ తప్పూ చెప్పలేదు.

ఐదున్నరకి ఎనిమిదిమందీ చేరారు. ముగ్గురు నర్సులు, వాళ్లలో పెద్దామె మేట్రను నాటి మనిషి. బేకరీ నడిపే మొగుడూ పెళ్లాలు. కోర్టులో టైపు చేసే పొడుగమ్మాయి. ఫైరు స్టేషను మనిషి ఒకడు, వ్యాయామశాల తాళం ఇతని పుణ్యమే. మేస్త్రమ్మతో ఎనిమిది. ఆడడానికి తొమ్మిదో మనిషి లేడు. ఒకప్పుడు ఇరవైమంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఎవరికి జలుబు చేసినా ఆట సగం అవుతుంది.

"నవ్వండి," అంది మేస్త్రమ్మ. కంపౌండరు మీట నొక్కాడు. ఫిడేలూ అకార్డియనూ కలిసి ఒక్క శ్రుతి పలికాయి. రెండు వరసలూ ఒకదానికొకటి తలలు వంచాయి. పాట మొదలైంది.

ఆ క్యాసెట్లు ఈ ఎండలకి సాగిపోయి పాటలు కాస్త కుంటుతాయి. కంపౌండరు వాటిని ఖాళీ మందుల డబ్బాలో దూది పరిచి దాస్తాడు. ఏ పాట ఎక్కడ కుంటుతుందో ఆయనకి తెలుసు, అక్కడ వేలితో చక్రాన్ని కొద్దిగా తోస్తాడు. చివరి శ్రుతి అవగానే, వంగిన తలలు లేవకముందే, టక్కున ఆపేస్తాడు. ఆ టక్కు వినబడకపోతే పాట అయినట్టు ఉండదు వాళ్లకి.

రెండో పాట రీలు. బేకరీ దంపతులు ఎప్పటిలాగే మధ్యలో దెబ్బలాడుకున్నారు. ఎడమకి తిరగాలని ఆమె, నువ్వు తిరిగితే కదా నేను తిరిగేదని ఆయన. తిరగవలసిన సమయం దాటిపోయింది. పొడుగమ్మాయి వాళ్లిద్దరినీ భుజాలు పట్టుకుని చోటులోకి తోసి, తన అడుగు తను తప్పకుండా వెళ్లిపోయింది. మేస్త్రమ్మ అది చూసింది. ఈ పిల్ల చేరి మూడేళ్లు కాలేదు. ఎనిమిదిమంది ఎక్కడున్నారో తలతిప్పకుండా తెలుస్తుంది ఈ పిల్లకి.

మూడో పాట సగంలో ఉండగా స్టేషను గంట మోగింది. ఫైరు మనిషి మేస్త్రమ్మ చేయి పట్టుకుని నడిమధ్యనుంచి కిందికి నడుస్తున్నవాడల్లా చేయి వదిలేసి గుమ్మంలోంచి పరుగెత్తాడు. కాళ్లకి నాట్యం బూట్లు అలాగే ఉన్నాయి. కాసేపటికి బండి సైరను వీధి మలుపు తిరిగి సన్నబడింది. ఇది కొత్త కాదు. ఏడుగురూ ఖాళీ చోటుని అలాగే ఉంచి, అక్కడ మనిషి ఉన్నట్టే చేయి చాపుతూ పాట పూర్తిచేశారు.

విరామం. అంతా బిందె దగ్గర చేరారు. మేస్త్రమ్మ ఒక గ్లాసు నింపుకుని కంపౌండరుకి తీసుకెళ్లింది. మోకాలు లోపల ఇసుక పోసినట్టు ఉంది. బల్ల అంచు పట్టుకుని కాలిమీద బరువు తీసి నిలబడింది. డాక్టరు మాటా, మానేద్దామనుకుంటున్న సంగతీ క్లాసులో ఆమె చెప్పింది ఈయన ఒక్కడికే, కిందటి గురువారం, ఆటో కోసం ఎదురు చూస్తూ.

"చెప్పారా వాళ్లకి?" అన్నాడు కంపౌండరు.

"ఇంకా లేదు. చివర్న చెప్తాను."

ఆయన నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. జేబురుమాలుతో పెదాలు తుడుచుకున్నాడు.

"ఇవాళ చెప్పకండి."

"ఇవాళ కాకపోతే వచ్చేవారం. ఏముంది అందులో?"

"మీకేమీ లేదు. గురువారం లేకపోతే నా వారం ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలీదు, మేస్త్రమ్మగారూ."

మేస్త్రమ్మ క్యాసెట్ల డబ్బాలో చెదిరిన దూదిని సర్దింది. తడి దుప్పట్లు అప్పుడే ఆరుతున్నాయి, కింది అంచుల్లో మాత్రం నీళ్లు మిగిలి ఉన్నాయి. వాటి వెనక ఎండ నారింజరంగుకి తిరిగింది.

కంపౌండరు గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. "ఒకరు తక్కువయ్యారు కదా. మెల్లపాటే కదా తరువాతది. నేను నిలబడనా?"

కుర్చీ చేతుల మీద చేతులాన్చి అప్పటికే సగం లేచాడు. ఆమె చటుక్కున భుజంమీద చేయి వేసి కూర్చోబెట్టింది. ఇన్నేళ్లలో ఆట బయట ఆయన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"వద్దండీ. మీ కోడలికి మాటిచ్చాను. పాట పెట్టండి, చాలు."

"సరే," అన్నాడాయన. చిన్నబుచ్చుకున్నట్టు కనిపించలేదు. మందు చేదుగా ఉందంటే మొహం మార్చకుండా సీసా అందించే మనిషి కదా, మొహంలో ఏదీ కనబడదు. క్యాసెట్టు తిప్పి పెట్టాడు.

మెల్లపాటకి ఏడుగురు నిలబడ్డారు. మేస్త్రమ్మ ఎదుట ఖాళీ. శ్రుతికి ఆమె ఆ ఖాళీకి తలవంచింది.

ఈ పాటలో గెంతడం ఉండదు. కాలు నేలమీద సాగుతూ వెళ్లి, కాస్త ఆగి, రెండో కాలు వచ్చి కలుస్తుంది. వేగమైన పాటలు ఎవరైనా నేర్చుకుంటారని మేట్రను అనేది, ఆగడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందని. మేస్త్రమ్మకి ఈ ఆగడమంటే ఇష్టం. పగలంతా యంత్రం వేగానికి కదిలే ఒళ్లు ఇక్కడ తనంతట తను కదులుతుంది. మోకాలు కూడా ఈ పాటని పెద్దగా పట్టించుకోదు. చేయి చాపి ఖాళీ చేతిని పట్టుకుని నడుమనుంచి కిందికి నడిచింది, తిరిగి పైకి వచ్చింది. పైకి వచ్చేటప్పుడు ఎదురుగా కంపౌండరు కనిపించాడు. పెదాలు కదుపుతున్నాడు. ఎనిమిది దగ్గర ఆగి, మళ్లీ ఒకటినుంచి. ఆమె వంతు అయి వరస చివరికి వెళ్లింది. ఇతరుల వంతులు వచ్చాయి. రెండోసారి అటు తిరిగినప్పుడు ఆయన కళ్లు మూసుకుని తల కొద్దిగా పక్కకి వాల్చి ఉన్నాడు. మెల్లపాటకి అలా కళ్లు మూసుకోవడం ఆయనకి అలవాటే. బేకరీ ఆయన ఇవాళ తప్పకుండా తిరిగాడు. భార్య అతనివైపు చూసి నవ్వింది. పొడుగమ్మాయి నీడ నేలమీద బాగా పొడుగైంది.

చివరి శ్రుతి పలికింది. రెండు వరసలూ తలలు వంచాయి.

టక్కు వినబడలేదు. టేపు సన్నగా రెండు క్షణాలు గరగరలాడి, తరువాతి పాట తొలి శ్రుతి మొదలుపెట్టింది. కొందరు అలవాటుగా మళ్లీ తల వంచబోయారు. వేగమైన రీలు హాలంతా పరుచుకుంది. ఎవరూ కదల్లేదు. మేస్త్రమ్మ వరసలోంచి బయటికి వచ్చి, పరుగెత్తకుండా, మామూలుగా నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లి తనే మీట నొక్కింది.

పెద్ద నర్సు ఆమె వెనకే వచ్చింది. మణికట్టు చూసింది, మెడ పక్కన వేళ్లు పెట్టి చూసింది. మిగతా ఇద్దరు నర్సులూ ఆయన్ని కుర్చీలోంచి దించి నేలమీద పడుకోబెట్టి, చేయవలసినవన్నీ చాలాసేపు చేశారు. బేకరీ ఆయన ఆస్పత్రికి ఫోను చేస్తే, బండి ఊరి బయటికి వెళ్లింది, ఆలస్యమవుతుందన్నారు. చివరికి పెద్ద నర్సు మోకాళ్లమీదినుంచి లేచి, భుజాన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అక్కా, ఇక లేరు," అంది. పాట మధ్యలోనే పోయి ఉంటాడంది. నొప్పి కూడా తెలిసి ఉండదంది.

పైన కప్పడానికి మేస్త్రమ్మ బల్లమీది దుప్పటి లాగింది. కాళ్లు సరిచేయడానికి వంగినప్పుడు చూసింది. ఆయన కాళ్లకి నాట్యం బూట్లు ఉన్నాయి. నల్లటి మెత్తతోలు, కొత్తగా రంగు వేసినవి. తాళ్లు చీలమండ చుట్టూ తిప్పి ముందుకి తెచ్చి రెండు ముళ్లు వేసి ఉన్నాయి. క్లాసులో అడుగుపెట్టిన ప్రతివాళ్ల కాళ్లూ ముందు చూసే మనిషి తను. ఆట మానినవాడి కాళ్లు చూడాలని ఈ ఏడాదిలో ఒక్కసారీ తోచలేదు. ఆమె ఆ ముళ్లమీద చేయి పెట్టి, విప్పబోయి, మానేసింది. దుప్పటి పాదాలదాకా కప్పింది.

ఏడింటికి కోడలు వచ్చింది. గుమ్మంలోనే అర్థమైంది ఆమెకి. చెప్పులు విడిచి వచ్చి మామగారి తల దగ్గర కూర్చుంది. కొంతసేపు చొక్కా కాలరు సర్దుతూ ఉండిపోయింది. తరువాత, మధ్యాహ్నం రెండింటినుంచే తయారై కూర్చున్నారనీ, చొక్కా రెండుసార్లు మార్చారనీ, నాట్యం బూట్లకి పొద్దున తనే రంగు వేసి సంచిలో పెట్టుకున్నారనీ చెప్పింది. ఊరికే ముచ్చటపడుతున్నారులే అనుకున్నానంది.

"ఆడారా మావయ్యగారు ఇవాళ?" అని అడిగింది.

అబద్ధం ఒకటి మేస్త్రమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఇద్దరికీ తేలికగా ఉండేది.

"లేదమ్మా. అడిగారు. నేనే వద్దన్నాను."

కోడలు తలాడించింది. "వద్దంటారని తెలుసన్నారు. అయినా అడుగుతానన్నారు."

ఇద్దరూ దుప్పటికి చెరోవైపు కూర్చున్నారు.

ఆస్పత్రి బండికంటే ముందు ఫైరు బండి వచ్చింది. ఎక్కడో చెత్తకుప్ప అంటుకుందట, ఆర్పి వచ్చారు. ఫైరు మనిషి పొగవాసనతో, మసి పట్టిన నాట్యం బూట్లతో గుమ్మంలో ఆగిపోయాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్లి స్ట్రెచరు తెచ్చాడు. అతనూ, అతని తోటివాళ్లు ముగ్గురూ కంపౌండరుని ఎత్తారు. ఎంత జాగ్రత్తగా ఎత్తారంటే మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. కోడలు పక్కనే నడిచింది. పెద్ద నర్సు తోడు వెళ్లింది.

మిగిలినవాళ్లకి ఏం చేయాలో తెలియలేదు. బేకరీ దంపతులు కిటికీలకున్న దుప్పట్లు దించి మడిచారు. ఈసారి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నర్సులు బిందె కడిగి బోర్లించారు. పొడుగమ్మాయి చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడి, చివరికి మేస్త్రమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, వచ్చే గురువారం...?"

అడగలేక అక్కడే ఆపింది. మేస్త్రమ్మ క్యాసెట్ల డబ్బా మూత పెడుతూ ఉంది. మూత బిగించింది.

"ఐదున్నరకి," అంది.

తరువాత, తను ఎంతోసేపటినుంచి చెప్పాలనుకున్న సంగతే చెబుతున్నట్టు, మోకాలి విషయం చెప్పింది. ఇక తను ఎగరకూడదని, అడుగులు చూపించే పని నువ్వు చేయాలని, తప్పులు తను కూర్చుని చెబుతానని. ఆ పిల్ల భయపడింది. తనకి అన్నీ రావంది. ఎనిమిదిమంది కూడా ఉండరు కదా అంది.

"ఉన్నవాళ్లతో చేద్దాం. పాట నేను పెడతాను."

పొడుగమ్మాయి ఇంకేదో అనబోయి, సరే అక్కా అంది. ఆమె చేతిలో మధ్యాహ్నం గీసిన చీటీ పెట్టింది మేస్త్రమ్మ. ఆ పిల్ల దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లింది. ఒక్కొక్కరుగా అంతా వెళ్లారు. తాళం వేసి చెవి స్టేషనులో ఇచ్చేస్తానని మేస్త్రమ్మ ఉండిపోయింది.

పంకాలు ఆపింది. నేలమీద అక్కడక్కడా చెమటచుక్కలు ఆరిన మచ్చలు. కుర్చీ తీసి గోడవారగా పెట్టింది. దానిలో కూర్చుని చూద్దామనిపించింది కానీ కూర్చోలేదు. దాని పక్కన కంపౌండరు గుడ్డసంచి లేదు, కోడలు తీసుకెళ్లింది. టేపురికార్డరు తీగ చుట్టి, బల్లని గోడకి జరపడానికి రెండు అంచులూ పట్టుకుంది. దుప్పటి తీసేసిన బల్ల కాళ్లు నాలుగూ బయటపడి ఉన్నాయి.

బల్ల కింద, వెనక కాలి పక్కన, ఒక జత తోలుచెప్పులు ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, మొనలు గుమ్మంవైపు తిప్పి, మడమల దగ్గర అరిగి, అయిదువేళ్ల అచ్చులూ నల్లగా పడి, కుడిదాని పట్టీ తెగినచోట ఆస్పత్రి కుట్టుదారంతో సన్నగా, ఓపిగ్గా కుట్టి ఉన్నాయి.